సాల్వడార్ డాలీ

సాల్వడార్ డాలీ (మే 11, 1904 - జనవరి 23, 1989) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. సర్రియలిజం అని పిలువబడే అధివాస్తవిక కళోద్యమంలో అందరికంటే ఎక్కువగా ప్రజలకు తెలిసిన వ్యక్తి ఇతడే. పైకి మెలితిప్పిన మీసాలు, విచిత్ర వేషధారణ, వింత చేష్టలు ఇతనికి ఎంత కీర్తిని తెచ్చాయో, ఇతని కళపై అంత అనుమానాన్నీ కలిగించాయి.

బాల్యం, విద్యాభ్యాసం

డాలీ కాటలోనియా ప్రాంతంలోని ఫిగెరెస్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నోటరీ వృత్తిలో ఉండేవాడు. ఇతడు పుట్టడానికి సుమారు తొమ్మిది నెలల ముందు పసితనంలోనే మరణించిన అన్న పేరు కూడా సాల్వడారే. చనిపోయిన బిడ్డ పేరుతో పెరగడం డాలీ మనసుపై చెరగని ముద్ర వేసింది. 1963లో ఆ అన్న రూపాన్ని ఊహించి ఒక చిత్రం కూడా గీశాడు. 1921లో తల్లి క్యాన్సర్‌తో మరణించింది.

1922లో మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో లలితకళల అకాడమీలో చేరాడు. అక్కడి విద్యార్థి వసతి గృహంలో కవి గార్సియా లోర్కా, తరువాత సినీ దర్శకుడైన లూయీ బున్యుయెల్ ఇతనికి ఆప్తమిత్రులయ్యారు. తనను పరీక్షించే అర్హత అధ్యాపకులకు లేదని అన్నందుకు 1926లో అకాడమీ నుండి బహిష్కృతుడయ్యాడు.

అధివాస్తవికత

1929లో బున్యుయెల్‌తో కలిసి అండలూసియా కుక్క అనే లఘుచిత్రాన్ని నిర్మించి, పారిస్‌లోని అధివాస్తవికుల బృందంలో చేరాడు. ఫ్రాయిడ్ స్వప్న సిద్ధాంతాలు ఈ బృందానికి ప్రేరణ. తెలుగు సాహిత్యంలో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు వంటి కవులను ఆకర్షించిన ఉద్యమం ఇదే.

అదే సంవత్సరం కవి పాల్ ఎల్యువార్ భార్య, రష్యాలో జన్మించిన గాలాతో పరిచయమయింది. ఆమె డాలీ కంటే పదేళ్ళు పెద్దది. ఆగ్రహించిన తండ్రి ఇతనిని ఇంటి నుండి వెళ్ళగొట్టాడు. డాలీ, గాలా పోర్ట్ లిగాట్ అనే పల్లెలో ఒక జాలరి గుడిసె కొని స్థిరపడ్డారు. 1934లో వివాహం చేసుకున్నారు. డాలీ చిత్రాలకు నమూనాగా, వ్యవహారకర్తగా గాలా జీవితాంతం వ్యవహరించింది.

ఒకే బొమ్మలో రెండు రూపాలు కనిపించేలా భ్రమను బుద్ధిపూర్వకంగా చిత్రించడం డాలీ ప్రత్యేకత. వస్తువులను ఫోటో తీసినంత స్పష్టంగా గీస్తూనే, వాటి స్వభావాన్ని మార్చివేస్తాడు. 1931లో గీసిన స్మృతి నిరంతరత చిత్రంలో గట్టిగా ఉండవలసిన గడియారాలు మెత్తబడి కొమ్మపైన, బల్ల అంచున వేలాడుతుంటాయి. ప్రపంచమంతటా తెలిసిన ఈ చిత్రం కొలత కేవలం 24 × 33 సెంటీమీటర్లు. ఇది న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధాన్ని ముందుగానే సూచిస్తూ, తనను తానే చీల్చుకుంటున్న ఒక భీకర శరీరాన్ని చిత్రించాడు. ఆ యుద్ధారంభంలోనే మిత్రుడు లోర్కా హత్యకు గురయ్యాడు.

వింత ప్రవర్తన

1936లో లండన్ ప్రదర్శనలో సముద్రగర్భంలో దిగేవారి దుస్తులు ధరించి ఉపన్యసించబోయి, గాలి ఆడక ప్రాణాపాయంలో పడ్డాడు. అదికూడా ప్రదర్శనలో భాగమేనని సభికులు అనుకున్నారు. 1967లో ఎయిర్ ఇండియా సంస్థకు హంస, ఏనుగు తలలు గల బూడిదపాత్రను రూపొందించి, పారితోషికంగా ఏనుగును కోరాడు. సంస్థ బెంగుళూరు నుండి ఒక ఏనుగు పిల్లను విమానంలో ఐరోపాకు పంపించింది.

విమర్శలు

హిట్లర్ పట్ల మోజు చూపుతున్నాడనే ఆరోపణపై 1934లో అధివాస్తవికులు ఇతనిని విచారించారు. ఆ దశాబ్దం చివరకు పూర్తిగా దూరం పెట్టారు. బృందనాయకుడు ఆంద్రే బ్రెటన్ ఇతని పేరులోని అక్షరాలను తారుమారు చేసి, డాలర్ల ఆశపోతు అనే అర్థం వచ్చే మారుపేరు పెట్టాడు. 1940 నుండి 1948 వరకు అమెరికాలో గడిపిన డాలీ, స్వదేశానికి తిరిగివచ్చి ఫ్రాంకో నియంతృత్వాన్ని సమర్థించడం మరింత అపకీర్తి తెచ్చింది. అచ్చుచిత్రాల కొరకు వేల సంఖ్యలో ఖాళీ కాగితాలపై ముందుగానే సంతకాలు చేయడంతో నకిలీలు మార్కెట్టును ముంచెత్తాయి. ఇతని అచ్చుచిత్రాలలో అసలేదో నకిలీ ఏదో తేల్చడం కష్టమయింది.

అయినా ఇతని శ్రమ తక్కువది కాదు. 1951లో గీసిన, శిలువపై క్రీస్తును ఆకాశం నుండి చూపే చిత్రం గ్లాస్గో నగరంలో నేటికీ జనాన్ని ఆకర్షిస్తున్నది. అంతర్యుద్ధం చివర దగ్ధమైన ఫిగెరెస్ నాటకశాలను ఇతడు తన మ్యూజియంగా మార్చాడు. అది 1974లో ప్రారంభమైంది.

చివరి రోజులు

1982లో గాలా మరణించింది. ఆమెకు డాలీ బహూకరించిన పూబోల్ కోటలో ఆమె లిఖితపూర్వక అనుమతి లేనిదే ఇతడు అడుగుపెట్టేవాడు కాదు. ఆమె మరణానంతరం అక్కడే నివసించాడు. 1983 తరువాత చిత్రలేఖనం ఆగిపోయింది. 1984లో పడకగదిలో జరిగిన అగ్నిప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. 1989, జనవరి 23న ఫిగెరెస్‌లో గుండె వైఫల్యంతో మరణించాడు. పూబోల్‌లో గాలా సమాధి ప్రక్కనున్న చోటు ఖాళీగానే ఉండగా, డాలీని తన మ్యూజియంలోనే, పూర్వం నాటకశాల వేదిక ఉన్నచోటి క్రింద ఖననం చేశారు. తన ఆస్తిని, చిత్రాలను స్పెయిన్ ప్రభుత్వానికి వ్రాసి ఇచ్చాడు.