బాగ్దాదు వదిలిన ఇమామ్ గజాలీ

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) పాండిత్యం గురించి పెద్దలు చాలా రాశారు. మేము చెప్పదలచింది ఆయన జీవితంలో ఒక ఆరు నెలల సంగతి.

ఆయన 1058లో ఇరాన్‌లోని తూస్‌లో జన్మించారు. 1091లో వజీరు నిజాముల్ ముల్క్ ఆయన్ని బాగ్దాదు నిజామియా మదర్సాకు ప్రధానాచార్యుడిగా నియమించారు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్లు. మూడు వందలమంది శిష్యులు, దర్బారులో మర్యాద, వాదంలో ఎదురులేని పేరు.

1095 రజబ్ నెల వచ్చేసరికి ఆయన తన నియ్యత్‌ను తానే తరచి చూసుకున్నారు. చెప్పేది దీన్ విద్యే. కాని తనచేత చెప్పిస్తున్నది పేరుప్రతిష్ఠల మీది మోజేనని తేలింది! ఆయన చేసేది చెడ్డపని కాదు సుమా. మంచిపనిలోనే నఫ్స్ దూరి కూర్చుంది. చందాల పట్టీలో తన పేరు ఎన్నో వరుసలో వేశారా అని చూసుకునేవారికి ఇది చప్పున అర్థమవుతుంది.

తెలిసింది గదా అని వెంటనే వదల్లేకపోయారు. పొద్దున వెళ్లిపోదామనుకోవడం, సాయంత్రానికి మనసు మారడం. ఇలా సుమారు ఆరు నెలలు. చివరికి పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు, తిండి సయించలేదు. హకీములు ఇది మనోవ్యాధి అని చేతులెత్తేశారు.

అప్పుడు పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగతా ఆస్తి పంచేశారు. ఆపుతారేమోనని మక్కాకు వెళుతున్నానని చెప్పి, సిరియా దారి పట్టారు. దమస్కు పెద్ద మసీదు మీనారు ఎక్కి, తలుపేసుకుని, పగలంతా ఏకాంతంలో గడిపేవారు. తర్వాత జెరూసలేం. హెబ్రోనులో ఇబ్రాహీం అలైహిస్సలాం సమాధివద్ద, పాలకుల దగ్గరికి పోనని, వారి సొమ్ము ముట్టనని, వాదాలు చేయనని ప్రతిజ్ఞ చేశారు. పిమ్మట హజ్.

ఆ సంవత్సరాల్లోనే ఇహ్యా ఉలూముద్దీన్ రాశారు. అందులో తకబ్బుర్‌ను పట్టుకునే పరీక్షలున్నాయి: ఎదుటివాడి నోట నిజం వస్తే ఒప్పుకోగలమా? బజారునుంచి సామాను మనమే మోసుకు రాగలమా? మజ్లిస్‌లో తోటివారిని ముందు కూర్చోబెట్టగలమా? అయితే కావాలని చెప్పులు విడిచేచోట కూర్చోవడం కూడా గర్వమే కావచ్చునంటారు. నఫ్స్‌తో చాలాకాలం పోరాడినవారికి గాని ఈ మాట తట్టదు.

1106లో వజీరు కోరగా నిషాపూరులో మళ్లీ పాఠం చెప్పారు. ప్రతిష్ఠ తెచ్చే విద్య వెనక నేర్పాను, ప్రతిష్ఠను విడిపించే విద్య ఇప్పుడు నేర్పుతున్నానన్నది ఆయన వివరణ. తర్వాత తూస్ చేరి, ఇంటి పక్కనే మదర్సా, ఖాన్‌ఖా నడుపుతూ 1111 డిసెంబరులో వఫాత్ అయ్యారు.