బెంగుళూరు నాగరత్నమ్మగారు

మొవ్వ క్షేత్రయ్య పేరు చెప్పి గర్వించుట కృష్ణాతీరవాసులమగు మనకు వాడుక. ఆ పదములను తరతరములుగా కంఠమున నిలిపిన స్త్రీలెవ్వరని యడిగినచో చల్లపల్లి ప్రాంతపు పెద్దలలో సైతము బదులు చెప్పగలవారు కొలదిమందియే యని మా యనుమానము. ఆ కళావతుల వర్గమునకు చెందిన యొకరి చరిత్రము నిట స్మరింపుచున్నాము.

నాగరత్నమ్మగారు 1878లో మైసూరు సీమయందలి నంజనగూడున జనించిరి. పోషకుడైన వకీలు విడిచిపెట్టగా తల్లి పుట్టలక్ష్మి పసికందుతో మైసూరు చేరి, యచట గిరిభట్ట తిమ్మయ్యగారియొద్ద బిడ్డకు చదువు చెప్పించెను. ఆ యాశ్రయమును తప్పెను. మరల మూట కట్టి ఊరు విడిచి, తుదకు బెంగుళూరున మునుస్వామప్పగారి శిష్యరికము సంపాదించెను. తల్లి పోయిన పిదప గాత్రమే యామెకు ఆస్తి. ఇరువదియైదేండ్ల ప్రాయమునాటికే పేరు గడించి చెన్నపట్టణమున స్థిరపడి, కచ్చేరీల సంపాదనతో స్వంత యిల్లు కొనిరి.

1910లో ఆమె ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును వావిళ్లవారిచే అచ్చువేయించిరి. అంతకుముందు వెలువడిన ప్రతిలో కవయిత్రి వంశవృత్తాంతమును, కొన్ని పద్యములును లోపించుట చూచి, మూలప్రతిని వెదకి తెప్పించి సరిదిద్దిరి. ఆ కావ్యము నింద్యమని వీరేశలింగము పంతులుగారు మున్నే తీర్పు చెప్పియుండిరి. పురుషులు వ్రాసినప్పుడు లేని సిగ్గు స్త్రీ వ్రాసినప్పుడే యేల కలుగవలెనని పీఠికలో నామె నిలదీసిరి. పంతులుగారియెడ మాకు గల గౌరవము తక్కువది కాదు. ఈ వాదమున మాత్రము న్యాయ మామెదే. 1911లో ఆంగ్లప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. నింద మొదట వేసినది పరాయివారు కాదు, మనవారే యను మాట మరువరాదు. ప్రకాశము పంతులుగారు 1947లో ఆ నిషేధమును తొలగించిరి.

చిత్రమేమనగా, ఆ సంవత్సరముననే దేవదాసీ నిషేధచట్టము వెలువడెను. అట్టి శాసనప్రయత్నమును ఆమె 1927 నుండి సంఘము గూర్చి యెదిర్చియుండిరి. బాలికలను రక్షించుటలో చట్టము సరియైనదే. ఆ వర్గపు విద్యకును జీవికకును దిక్కేమని మాత్ర మది విచారింపలేదు.

ఇంతలో తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి శిథిలమై యుండుట తెలిసి, 1921లో పని మొదలిడి, నగలును ఆస్తియు వెచ్చించి మందిరము కట్టించిరి. కట్టించినవారికే ఆరాధనలో పాడు హక్కు లేకుండెను! స్త్రీలు పాడరాదనిరి. ఆమె వాదులాట చాలించి, స్త్రీలను గూర్చి వేరుగా గానము జరిపించిరి. 1940 ప్రాంతమున పక్షము లొక్కటి కాగా ఆ యడ్డు తొలగెను. చెన్నపట్టణము వీడి ఆమె కావేరీతీరముననే కాపురముండి, 1952 మే 19న కన్నుమూసిరి. వారి సమాధి స్వామి మందిరమున కెదుటనే యున్నది.