థామస్ అక్వినాస్

థామస్ అక్వినాస్ (సుమారు 1225 - మార్చి 7, 1274) 13వ శతాబ్దానికి చెందిన ఇటలీ దేశపు తత్వవేత్త, కతోలిక దైవశాస్త్ర పండితుడు, డొమినికన్ సంఘానికి చెందిన సన్యాసి. పారిస్ విశ్వవిద్యాలయంలో రెండు పర్యాయాలు దైవశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసాడు. లాటిన్ భాషలో ఈయన రచించిన సుమ్మా థియొలోజియే (దైవశాస్త్ర సంగ్రహం) మధ్యయుగపు ఐరోపాలో వెలువడిన గొప్ప గ్రంథాలలో ఒకటి. కతోలిక తిరుసభ ఈయనను 1323లో పునీతుడుగా, 1567లో తిరుసభ పండితుడుగా ప్రకటించింది. విశ్వవిద్యాలయంలోని తర్కానికీ, మఠంలోని ప్రార్థనకూ పొత్తు కుదరదని అనేకులు భావించిన కాలంలో ఆ రెండింటినీ ఒకే జీవితంలో నడిపిన వ్యక్తిగా ఈయనకు ప్రత్యేక స్థానం ఉంది. అక్వినాస్ అనే మాట ఈయన వంశానికి పేరునిచ్చిన అక్వినో పట్టణాన్ని సూచిస్తుంది.

బాల్యం

థామస్ రోమ్, నేపుల్స్ నగరాల మధ్యనున్న రొక్కసెక్కా కోటలో జన్మించాడు. అప్పట్లో ఆ ప్రాంతం సిసిలీ రాజ్యంలో ఉండేది. తండ్రి లాండల్ఫ్, తల్లి థియోడోరా. కుమారులలో థామస్ చివరివాడు. ఈ కుటుంబం చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ కొలువులో ఉండేది. పెద్ద కుమారులు సైన్యంలో చేరగా, చిన్నవాడిని మఠానికి సమర్పించడం ఆనాటి ప్రభువంశాల ఆచారం. ఆ ప్రకారం సుమారు ఐదేళ్ళ వయసులో థామస్‌ను సమీపంలోని మోంటే కస్సినో మఠానికి పంపారు. బెనెడిక్ట్ స్థాపించిన ఈ మఠం చాలా సంపన్నమైనది. తమ కుమారుడు ఏనాటికైనా అక్కడ మఠాధిపతి కావాలన్నది తల్లిదండ్రుల ఆశ. బాలుడైన థామస్ అక్కడ లాటిన్ భాషతోపాటు కీర్తనల గ్రంథాన్ని అభ్యసించాడు.

నేపుల్స్ విశ్వవిద్యాలయం

1239లో చక్రవర్తికీ, పోపు తొమ్మిదవ గ్రెగరీకీ మధ్య వైరం ముదిరి, మోంటే కస్సినో మఠం సైనికుల వశమయింది. దానితో థామస్‌ను నేపుల్స్ విశ్వవిద్యాలయంలో చేర్పించారు. దీనిని 1224లో ఫ్రెడరిక్ స్వయంగా స్థాపించాడు. అరబ్బీ, గ్రీకు భాషలనుండి లాటిన్‌లోకి వచ్చిన అరిస్టాటిల్ గ్రంథాలను అక్కడ బోధించేవారు. పారిస్‌లో అప్పటికి అరిస్టాటిల్ ప్రకృతి శాస్త్ర గ్రంథాల బోధనపై నిషేధాలు ఉండేవి.

నేపుల్స్‌లోనే థామస్‌కు డొమినికన్ సన్యాసులతో పరిచయమయింది. డొమినిక్ స్థాపించిన ఈ సంఘానికి 1216లో పోపు ఆమోదం లభించింది. వీరికి భూములు, ఆదాయాలు ఉండవు. భిక్షాటనతో జీవిస్తూ ప్రసంగం, బోధన చేసేవారు. చదువుకు ఆటంకం కలగకుండా మఠంలోని సామూహిక ప్రార్థనలను క్లుప్తంగా ముగించాలని వీరి నియమావళి చెప్పేది. అవసరమయితే చదువుకొరకు కొన్ని మఠ నియమాలనుండి మినహాయింపు కూడా ఇచ్చేవారు. చదువును సన్యాస జీవితంలో ఒక సాధనగా గుర్తించిన ఈ సంఘంలో 1244లో థామస్ చేరాడు.

కుటుంబ వ్యతిరేకత

సంపన్న మఠానికి అధిపతి కావలసిన కుమారుడు భిక్షువు కావడం కుటుంబానికి అవమానంగా తోచింది. సంఘ పెద్దలు థామస్‌ను ఉత్తరానికి తీసుకొనిపోతుండగా, తల్లి ఆదేశంపై అన్నలు దారిలో అటకాయించి పట్టుకొన్నారు. సుమారు ఒక సంవత్సరంపాటు ఆయనను కుటుంబపు కోటలలో నిర్బంధించారు. నిర్బంధంలో థామస్ బైబిలును, పీటర్ లొంబార్డ్ రచించిన వాక్యాల గ్రంథాన్ని చదువుతూ, తన చెల్లెళ్ళకు, అక్కలకు పాఠాలు చెప్పాడని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసారు. మనసు మార్చడానికి అన్నలు ఒక యువతిని గదిలోకి పంపగా, థామస్ పొయ్యిలోని మండుతున్న కట్టెతో ఆమెను వెళ్ళగొట్టాడనే కథ ప్రచారంలో ఉంది. చివరకు 1245లో కుటుంబం ఆయనను విడిచిపెట్టింది.

ఆల్బర్ట్ శిష్యరికం

తరువాత థామస్ పారిస్‌లో, 1248 నుండి జర్మనీలోని కొలోన్ నగరంలో ఆల్బర్ట్ (మహా ఆల్బర్ట్) వద్ద చదువుకొన్నాడు. అరిస్టాటిల్ శాస్త్రాలన్నిటినీ లాటిన్ పాఠకులకు అందించాలని సంకల్పించిన పండితుడు ఆల్బర్ట్. థామస్ భారీకాయుడు, మితభాషి. అందువలన తోటి విద్యార్థులు ఆయనను మూగ ఎద్దు అని ఎగతాళి చేసేవారట. ఒకనాటి వాదంలో ఆయన ప్రతిభను గమనించిన ఆల్బర్ట్, ఈ ఎద్దు రంకె లోకమంతటా వినబడుతుందని జోస్యం చెప్పాడని ఒక కథ. థామస్ గురుపట్టాభిషేకం కొలోన్‌లోనే జరిగిందని సాధారణంగా భావిస్తారు.

పారిస్‌లో దైవశాస్త్ర విద్య

1252లో థామస్ ఉన్నత విద్యకొరకు తిరిగి పారిస్ చేరాడు. ఆనాడు దైవశాస్త్రం పారిస్ విశ్వవిద్యాలయంలో అత్యున్నత విభాగం. ముందుగా తర్కం, వ్యాకరణం, తత్వశాస్త్రం వంటివి నేర్చినవారికే అందులో ప్రవేశం ఉండేది. 1215 నాటి నిబంధనల ప్రకారం ఆచార్య పదవికి ఎనిమిదేళ్ళ దైవశాస్త్ర అధ్యయనం, కనీసం 35 ఏళ్ళ వయసు అవసరం. విద్యార్థి ముందు బైబిలుపైన, తరువాత లొంబార్డ్ గ్రంథంపైన ఉపన్యాసాలు చెప్పాలి. థామస్ లొంబార్డ్ గ్రంథానికి వ్రాసిన పెద్ద వ్యాఖ్యానం ఈ దశలోనిదే. 1256లో, సుమారు 31 ఏళ్ళకే, వయో నిబంధననుండి ప్రత్యేక మినహాయింపుతో ఆయనకు ఆచార్య పట్టా లభించింది.

ఆచార్యునికి మూడు విధులుండేవి: బైబిలును పాఠంగా చెప్పడం, బహిరంగ వాదాలను నిర్వహించడం, ప్రసంగించడం. వాదంలో ఒక ప్రశ్నపై అభ్యంతరాలను సభ్యులు లేవనెత్తేవారు. ఆచార్యుడు తరువాత తన తీర్పు చెప్పి, ఒక్కొక్క అభ్యంతరానికీ సమాధానం ఇవ్వాలి.

ఈ పదవికి తాను తగనని థామస్ కలత చెంది కన్నీటితో ప్రార్థించాడని, కలలో ఒక వృద్ధ సన్యాసి కనిపించి ప్రారంభోపన్యాసానికి అంశాన్ని సూచించాడని ఆయన చరిత్రకారులు చెబుతారు. ఆ ఉపన్యాసం నేటికీ లభిస్తున్నది. 104వ కీర్తనలో కొండలను తడిపే వర్షపు ఉపమానం దానికి ఆధారం. వాన ముందు కొండమీద పడి, అక్కడినుండి పల్లానికి పారినట్లు, జ్ఞానం దేవునినుండి బోధకునికి, అతనినుండి విద్యార్థులకు చేరుతుందని థామస్ వివరించాడు. తాను పొందనిదానిని బోధకుడు ఇవ్వలేడన్నది దీని సారాంశం.

ఆ సమయంలో విశ్వవిద్యాలయంలో పెద్ద వివాదం నడుస్తున్నది. భిక్షువులకు ఆచార్య పీఠాలు తగవని, వారు తమ మఠాలకే పరిమితం కావాలని విలియం ఆఫ్ సేంట్ ఆమూర్ నాయకత్వంలో ఇతర ఆచార్యులు వాదించారు. పోపు నాలుగవ అలెగ్జాండర్ భిక్షు సంఘాలను సమర్థించాడు. థామస్ 1256లో ఈ వాదానికి సమాధానంగా ఒక గ్రంథం వ్రాసాడు. ఆయననూ, ఫ్రాన్సిస్కన్ సంఘానికి చెందిన బోనవెంచర్‌నూ ఆచార్యుల కూటమి 1257లోగాని తమలో చేర్చుకొనలేదు.

ప్రార్థన, అధ్యయనం

థామస్ దినచర్య గురించిన వివరాలు విలియం ఆఫ్ టొక్కో వ్రాసిన జీవితచరిత్రలోనూ, 1319లో నేపుల్స్‌లో జరిగిన విచారణలో సాక్షులు ఇచ్చిన వాంగ్మూలాలలోనూ ఉన్నాయి. వాటి ప్రకారం ఆయన ఉదయమే దివ్యబలిపూజ జరిపి, వెంటనే మరొక పూజలో పాల్గొని, అటుతరువాత బోధనకు, రచనకు కూర్చొనేవాడు. పాఠానికి, వాదానికి, రచనకు ముందు ప్రార్థించేవాడు. కఠినమైన సమస్య ఎదురయినపుడు పీఠం వద్దకు వెళ్ళి ప్రార్థించి తిరిగి వచ్చేవాడు. తన జ్ఞానం చదువుకన్నా ప్రార్థన వల్లనే ఎక్కువగా లభించిందని తన సహచరుడు రెజినాల్డ్‌తో చెప్పేవాడట. తర్కంతో మనసు ఎండిపోకుండా ఉండటానికి ప్రాచీన ఎడారి మునుల సంభాషణలను ప్రతిదినం కొంత చదివేవాడని కూడా చెబుతారు.

అయితే ప్రార్థన ఉంటే చదువు అక్కరలేదని థామస్ ఎన్నడూ చెప్పలేదు. ఈ విషయంపై ఆయన అభిప్రాయాలు సుమ్మా గ్రంథంలో పలుచోట్ల ఉన్నాయి.

* దైవ విషయాలను రెండు విధాలుగా గ్రహించవచ్చు. సద్గుణవంతుడు మంచిని తన స్వభావంచేతనే గుర్తిస్తాడు. నీతిశాస్త్రం చదివినవాడు మంచిని పాఠంద్వారా తెలుసుకొంటాడు. దైవజ్ఞానం కూడా ఇలాగే పరిశుద్ధాత్మ వరంగానూ, అధ్యయనం ద్వారానూ లభిస్తుంది. విశ్వవిద్యాలయ దైవశాస్త్రం రెండవ మార్గానికి చెందినది.
* విద్య గర్వానికి కారణమై భక్తిని అడ్డగించవచ్చు. అందుచేతనే చదువులేని సామాన్యులలో భక్తి అధికంగా కనిపిస్తుంది. కాని తన విద్యను దేవునికి పూర్తిగా అప్పగించినవానికి ఆ విద్యవల్లనే భక్తి పెరుగుతుంది.
* తెలుసుకోవాలనే కోరికను క్రమంలో ఉంచే శ్రద్ధ ఒక సద్గుణం. గొప్పకొరకు, లేదా అనవసర విషయాలకొరకు వెంపరలాడే కుతూహలం దోషం.
* ధ్యానంలో పొందినదానిని ఇతరులకు అందించడం, ఒంటరిగా ధ్యానించడంకన్నా శ్రేష్ఠం. వెలుగును ఇతరులపై ప్రసరింపజేయడం, తానొక్కటే వెలగడంకన్నా గొప్పది కదా అని ఆయన వాదం. బోధక సన్యాస సంఘాలకు ఇదే ఆధారం.

సుమ్మాలో ప్రార్థనపై ఉన్న ప్రశ్నలో 17 విభాగాలున్నాయి. ఆ గ్రంథంలోని సుదీర్ఘమైన ప్రశ్నలలో ఇది ఒకటి.

ఇటలీలో

1259లో పారిస్ విడిచిన థామస్ ఇటలీలో సుమారు తొమ్మిదేళ్ళు గడిపాడు. ఒర్వియేటోలో ఉండగా సుమ్మా కొంత్రా జెంటిలేస్ పూర్తిచేసాడు. పోపు నాలుగవ అర్బన్ కోరికపై నాలుగు సువార్తలకు ప్రాచీన పండితుల వ్యాఖ్యలతో కూర్చిన మాలికను ప్రారంభించాడు. 1264లో పోపు క్రీస్తు శరీర మహోత్సవాన్ని తిరుసభ అంతటికీ నిర్దేశించినపుడు, ఆ పండుగ ప్రార్థనలను, గీతాలను థామస్ రచించాడని సంప్రదాయం. తర్కపండితుడుగా పేరుపడిన వ్యక్తి పూజాగీతాల కవి కూడా కావడం విశేషం.

1265లో రోమ్‌లోని సాంతా సబీనా మఠంలో యువ సన్యాసులకు పాఠశాల ఏర్పాటుచేసే బాధ్యత ఆయనకు అప్పగించారు. వాడుకలోని పాఠ్యగ్రంథాలు అనవసర ప్రశ్నలతో, పునరుక్తులతో విద్యార్థులను విసిగిస్తున్నాయని ఆయన గమనించాడు. క్రమపద్ధతిలో కొత్త పుస్తకం ఉండాలని తలచి సుమ్మా థియొలోజియే ప్రారంభించాడు. ఇది పండితులకొరకు కాక, ప్రారంభ దశలోని విద్యార్థులకొరకు ఉద్దేశించినదని దాని పీఠికలోనే పేర్కొన్నాడు.

సుమ్మా థియొలోజియే

ఈ గ్రంథంలో మూడు భాగాలున్నాయి. మొదటి భాగం దేవుని గురించి, సృష్టి గురించి. రెండవ భాగం మానవుని కర్మలు, సద్గుణాలు, దోషాల గురించి. మూడవ భాగం క్రీస్తు గురించి, దేవద్రవ్య అనుమానాల గురించి చెబుతుంది. థామస్ స్వయంగా వ్రాసినంతవరకు 512 ప్రశ్నలు, 2,600కు పైగా విభాగాలు ఉన్నాయి. ప్రతి విభాగంలో ముందుగా తన అభిప్రాయానికి వ్యతిరేకమైన వాదాలను పేర్కొంటాడు. తరువాత ఒక ప్రమాణాన్ని చూపి, తన సిద్ధాంతాన్ని వివరించి, చివరగా వ్యతిరేక వాదాలకు సమాధానమిస్తాడు. పూర్వపక్షం, సిద్ధాంతం అనే భారతీయ శాస్త్ర పద్ధతి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ నిర్మాణం కొత్తగా తోచదు. దేవుని ఉనికికి ఆయన చూపిన ఐదు మార్గాలు మొదటి భాగంలోని రెండవ ప్రశ్నలో ఉన్నాయి.

రెండవసారి పారిస్‌లో

1268లో థామస్‌ను మరల పారిస్ పంపారు. అక్కడ ఆయన రెండు పక్షాలతో వాదించవలసి వచ్చింది. మానవులందరికీ ఒకే బుద్ధి ఉన్నదనే ఇబ్న్ రుష్ద్ (అవెర్రోస్) వ్యాఖ్యానాన్ని సీజర్ ఆఫ్ బ్రబాంట్ మొదలైన యువ ఆచార్యులు అనుసరించారు. దీనిని ఖండిస్తూ థామస్ 1270లో ఒక గ్రంథం వ్రాసాడు. మరొకవైపు, దైవశాస్త్రంలో అరిస్టాటిల్‌ను వాడటమంటే ద్రాక్షారసంలో నీళ్ళు కలపడమేనని సంప్రదాయవాదులు అనేవారు. తత్వశాస్త్రాన్ని విశ్వాససేవలో వినియోగించడం నీళ్ళు కలపడం కాదని, నీటిని ద్రాక్షారసంగా మార్చడమని థామస్ తన తొలినాటి ఒక వ్యాఖ్యానంలోనే సమాధానం చెప్పి ఉన్నాడు. పారిస్‌లో ఉన్న ఈ నాలుగేళ్ళలోనే సుమ్మా రెండవ భాగం, అరిస్టాటిల్ గ్రంథాలకు అనేక వ్యాఖ్యానాలు వెలువడినాయి. ఆయన దస్తూరి చదవడం చాలా కష్టం. అందువలన రచనలను ఎక్కువగా లేఖకులకు చెప్పి వ్రాయించేవాడు.

చివరి రోజులు

1272లో థామస్ నేపుల్స్ తిరిగివచ్చి, తన సంఘపు ఉన్నత విద్యాలయాన్ని ఏర్పాటుచేసాడు. 1273 డిసెంబరు 6న, పునీత నికోలాసు పండుగనాడు, దివ్యబలిపూజ జరుపుతుండగా ఆయనలో గొప్ప మార్పు కలిగింది. ఆనాటినుండి సుమ్మా రచన ఆపివేసాడు. కొనసాగించమని రెజినాల్డ్ ఎంత వేడుకొన్నా, తాను చూసినదాని ముందు తాను వ్రాసినది గడ్డితో సమానంగా కనిపిస్తున్నదని చెప్పి ఊరుకొన్నాడు. అప్పటికి గ్రంథం మూడవ భాగంలో పశ్చాత్తాపం అనే అంశం మధ్యలో ఉంది. కొందరు దీనిని ఆధ్యాత్మిక అనుభవంగా, కొందరు విపరీత శ్రమవల్ల కలిగిన అనారోగ్యంగా వివరిస్తారు. అయితే ఆయన తన రచనలను ఉపసంహరించుకొనలేదు.

1274లో లియోన్ నగరంలో జరుగనున్న మహాసభకు పోపు పదవ గ్రెగరీ ఆయనను ఆహ్వానించాడు. ప్రయాణంలో ఒక చెట్టుకొమ్మ తలకు తగిలిందని చెబుతారు. ఆరోగ్యం క్షీణించి, ఫొస్సనోవా మఠంలో మార్చి 7న మరణించాడు. చివరి సత్ప్రసాదం స్వీకరిస్తూ, తన బోధనలన్నిటినీ తిరుసభ తీర్పుకు అప్పగించాడు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్ళు దాటలేదు.

ప్రధాన రచనలు

* పీటర్ లొంబార్డ్ వాక్యాల గ్రంథానికి వ్యాఖ్యానం
* ఉనికి, సారం (చిన్న తత్వ గ్రంథం)
* సత్యంపై వాదప్రశ్నలు
* సుమ్మా కొంత్రా జెంటిలేస్
* నాలుగు సువార్తల వ్యాఖ్యానమాలిక
* సుమ్మా థియొలోజియే (అసంపూర్ణం)
* యోహాను సువార్త, యోబు గ్రంథం మొదలైనవాటికి వ్యాఖ్యానాలు
* అరిస్టాటిల్ గ్రంథాలకు వ్యాఖ్యానాలు

మరణానంతరం

థామస్ మరణించిన సరిగ్గా మూడేళ్ళకు, 1277 మార్చి 7న, పారిస్ బిషప్పు స్టీఫెన్ టెంపియే 219 ప్రతిపాదనలను ఖండించాడు. వాటిలో కొన్ని థామస్ అభిప్రాయాలకు కూడా తగిలేవి. ఆయన గురువైన ఆల్బర్ట్ వృద్ధాప్యంలో శిష్యుని సమర్థించడానికి పారిస్ వెళ్ళాడని ఒక కథనం. 1323 జూలై 18న పోపు 22వ జాన్ అవిన్యోన్‌లో థామస్‌ను పునీతుడుగా ప్రకటించాడు. 1325లో పారిస్ బిషప్పు ఆ ఖండనను థామస్ బోధనలకు సంబంధించినంతవరకు రద్దుచేసాడు. 1369లో ఆయన అవశేషాలను ఫ్రాన్సులోని టూలూజ్ నగరానికి తరలించారు.

1879లో పోపు 13వ లియో ఒక విశ్వలేఖ ద్వారా థామస్ తత్వాన్ని కతోలిక విద్యాలయాలలో పునరుద్ధరించాడు. 1880లో ఆయనను కతోలిక విద్యాసంస్థల పాలకపునీతుడుగా ప్రకటించాడు. 1983 నాటి తిరుసభ చట్టం ప్రకారం గురువిద్యార్థులు దైవశాస్త్రాన్ని ముఖ్యంగా థామస్‌ను గురువుగా భావించి అభ్యసించాలి. తెలుగునాటి కతోలిక గురువిద్యాలయాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఆయన పండుగ పూర్వం మార్చి 7న జరిగేది. 1969లో జరిగిన పంచాంగ సవరణ తరువాత దీనిని జనవరి 28న జరుపుతున్నారు.