మంచము ప్రక్కను మెలకువగా నుండిన వైద్యురాలు

ధ్యాన భాగములు: మార్కు 2:1–12, మత్తయి 26:36–46



పక్షవాయువు గలవానిని నలుగురు మనుష్యులు మోసికొని కపెర్నహూములోని యింటికి వచ్చిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకును తెలియును. ఒక్కడు మోయలేని పరుపును నలుగురు మోసిరి. వారి పేరులు సువార్తలో వ్రాయబడలేదు. అయినను ఇంటి కప్పు విప్పి రోగిని ప్రభువు ఎదుట దింపువరకు వారు చేయి విడువలేదు. ఇట్టి మోతను మన కాలపు ఆసుపత్రులకు నేర్పిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల ధ్యానింతము. ఆమె పేరు సిసిలీ సాండర్స్.

మన గ్రామములలో ఒక మాట అనేక కుటుంబములను కూల్చివేయును. పట్నపు ఆసుపత్రిలో కొన్ని వారములుంచి, ఇక చేయవలసినది ఏమియు లేదు, ఇంటికి తీసికొని పొమ్మని చెప్పుదురు. ఆ మాట విని అప్పులతోను కన్నీళ్లతోను ఇల్లు చేరినవారు మన సంఘములలో నున్నారు. వ్యాధి కుదురకపోవుట ఒక సంగతి. రోగికి చేయదగినది ఏమియు లేకపోవుట మరియొక సంగతి. ఈ రెండును ఒకటి కావని చూపుటకే సిసిలీ తన జీవితమును వెచ్చించెను.

ఆమె 1918 జూన్ 22న ఇంగ్లండులో, లండను నగరమునకు ఉత్తరముననున్న బార్నెట్‌లో జన్మించెను. తండ్రి ఇండ్లు, భూములు అమ్మిపెట్టు వ్యాపారములో కలిమి సంపాదించెను. ఇంట ధనముండెను గాని తలిదండ్రుల మధ్య సమాధానము లేదు. సిసిలీ మిక్కిలి పొడవరి, బిడియస్తురాలు. తోటి బాలికలలో ఒంటరిగా నుండెడిది. 1938లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో చేరెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు ఆ చదువు విడిచి, 1940లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు పోయెను. ఆ శిక్షణాలయము ఫ్లారెన్స్ నైటింగేల్ స్థాపించినది. ఆ పని ఆమెకు ప్రాణము. కాని నడుము నొప్పి వలన దానిలో నిలువలేకపోయెను. ఒక తలుపు మూయబడగా ఆమె కూర్చుండి ఏడ్వలేదు. మరల చదివి, ఆసుపత్రిలో రోగుల కుటుంబ కష్టములను విచారించి సహాయము చేయు ఉద్యోగమునకు శిక్షణ పొందెను. 1945లో కొందరు విశ్వాసులతో కలిసి కార్నువాల్ ప్రాంతమునకు సెలవులకు వెళ్లినప్పుడు ఆమె క్రీస్తునందు విశ్వాసముంచెను. తన వలన దేవునికి ఏ పని కావలెనో అని నాటినుండి వెదకుచుండెను.

జవాబు ఒక రోగి మంచము ప్రక్కను దొరకెను. డేవిడ్ టాస్మా అనునతడు పోలండు దేశపు యూదుడు. లండనులో హోటలు వడ్డన పని చేసి బ్రతుకుచుండెను. నలువది ఏండ్ల వయస్సున క్యాన్సరు వ్యాధితో చనిపోవుచుండెను. అతనికి బంధువులెవరును దగ్గర లేరు. తన బ్రతుకు వలన లోకములో ఏ గురుతును మిగులదని అతని దుఃఖము. సిసిలీ తరచుగా పోయి అతనితో మాటలాడుచుండెను. మరణించువారికి నెమ్మది నిచ్చు ఒక గృహము ఉండిన ఎంత మేలని వారిద్దరు తలపోసిరి. ఒకనాడు అతడు ఆదరణ మాట అడిగెను. ఆమె పుస్తకము తీసి చదువబోగా అతడు వద్దని, ఆమె మనస్సులోను హృదయములోను ఉన్నదే తనకు కావలెననెను. అతడు 1948 ఫిబ్రవరిలో మరణించెను. ఆ గృహములో తాను ఒక కిటికీగా ఉండునట్లు ఆమెకు 500 పౌనులు వ్రాసియిచ్చెను. మనస్సు అనగా నేర్పుగల వైద్యము. హృదయము అనగా స్నేహము. ఈ రెంటిని విడదీయరాదని సిసిలీ గ్రహించెను. కిటికీ దొరకెను గాని దానిచుట్టు ఇల్లు కట్టుటకు 19 సంవత్సరములు పట్టెను.

ఆమె మొదట బేస్‌వాటర్‌లోని సెయింట్ లూక్స్ గృహములో ఊరకయే సేవ చేసెను. బీదలైన మరణశయ్యవారిని అక్కడ చేర్చుకొనుచుండిరి. బాధ పోవుటకు మార్ఫీనును అక్కడ వేళ తప్పక ఇచ్చుట ఆమె చూచెను. ఇతర ఆసుపత్రులలో అట్లు కాదు. రోగి బాధతో కేకలు వేసి బతిమాలిన తరువాతనే సూది వేసెడివారు. ఆమెతో పనిచేసిన నార్మన్ బ్యారెట్ అను శస్త్రవైద్యుడు, మరణించువారిని విడిచిపోవువారు డాక్టర్లే గనుక, ఆమె డాక్టరు కానిదే ఎవరును ఆమె మాట వినరని సలహా ఇచ్చెను. ఆమె 33వ ఏట వైద్య విద్యలో చేరి, 1957లో డాక్టరు ఆయెను. 1958 మొదలుకొని హాక్నీలోని సెయింట్ జోసెఫ్స్ గృహములో 7 సంవత్సరములు పనిచేసెను. అది ఐర్లండు దేశపు రోమను కతోలిక సన్యాసినుల స్థాపన. సంఘభేదము వారి ప్రేమకు అడ్డు రాలేదు. సన్యాసినులకు సేవా హృదయముండెను. సిసిలీ దానికి వైద్యపు నేర్పును, శ్రద్ధగా వ్రాసిన లెక్కలను జతపరచెను.

ఆమె పద్ధతి ఏమనగా, మార్ఫీనును నోటిద్వారా, రోగికి తగిన మోతాదులో, సుమారు 4 గంటలకొకసారి, బాధ మరల రాకముందే ఇచ్చుట. పైరు ఎండిపోయిన తరువాత నీరు పెట్టు రైతు ఎవడు? ఎండకముందే తడి పెట్టును గదా. ఇట్లిచ్చినచో మందు మత్తులో పడిపోవుదురని, దానికి దాసులగుదురని వైద్యులే భయపడుచుండిరి. ఆమె వందలకొలది రోగులను గమనించి, ఆ భయము సరియైనది కాదని చూపెను. బాధ తగ్గినవారు కూర్చుండి భోజనము చేసిరి, పిల్లలతో మాటలాడిరి, ప్రార్థించుకొనిరి.

మరియొక సంగతి ఆమె కనిపెట్టెను. ఒక రోగి స్త్రీని నొప్పి ఎక్కడనని అడుగగా, ఆమె వీపునుండి మొదలుపెట్టి, తన ఒళ్లంతయు చెడినట్లున్నదనియు, భర్తయు కుమారుడును తన కొరకు పని మాని కూలి పోగొట్టుకొనవలసి వచ్చుననియు, అందరును తనకు విరోధమైనట్లు తోచెననియు చెప్పెను. దీనినిబట్టి శరీర బాధ, మనోవ్యథ, కుటుంబపు చింత, ఆత్మ సంబంధమైన వేదన, ఈ నాలుగును కలిసి ఒక్క బాధయగునని సిసిలీ బోధించెను. నాలుగు మూలల బరువును ఒక్క డాక్టరు మోయలేడు. డాక్టరు, నర్సు, కుటుంబ విచారణ చేయువారు, పాదిరి కలిసి మోయవలెను.

1959లో ఒక ఉదయము 37వ కీర్తన 5వ వచనము ఆమె నాటి ధ్యాన పాఠముగా వచ్చెను. తన మార్గమును ప్రభువునకు అప్పగించు సమయము వచ్చినదని తలంచి, గృహము కట్టుటకు ఆమె పూనుకొనెను. ధనము కొరకు ఉత్తరములు వ్రాసెను, తలుపులు తట్టెను. 1967లో దక్షిణ లండనులోని సిడెన్‌హామ్‌లో 54 మంచములతో సెయింట్ క్రిస్టఫర్స్ గృహము తెరువబడెను. టాస్మా కిటికీ అందులో నున్నది. గెత్సేమనేలో ప్రభువు శిష్యులను తనతోకూడ మెలకువగా నుండుమని అడిగిన మాట ఆ గృహమునకు పునాది అని ఆమె చెప్పుచుండెను. ఆయన వారిని బాధ తీసివేయుమని అడుగలేదు, తోడుండుమని అడిగెను. అయితే ఏ మతస్థునినైనను, మతము లేనివానినైనను ఆ గృహము చేర్చుకొనెను, ఎవరిని బలవంతపెట్టలేదు. 1969లో నర్సులు రోగుల యిండ్లకు వెళ్లుట ప్రారంభించిరి.

కాని జనులనేకులు చనిపోవునది పెద్ద ఆసుపత్రులలో గదా? ఆసుపత్రులను విడిచి బయటికి వచ్చుట, నేర్చుకొన్నదానిని మరల వాటిలోనికి తీసికొనిపోవుటకే అని సిసిలీ తలంపు. అట్లే జరిగెను. 1974లో న్యూయార్కులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో ఒక బృందము ఏర్పడెను. వారికి వేరుగా గది లేదు, మంచములు లేవు. రోగి ఏ వార్డులో నున్నను అక్కడికే వారు వెళ్లిరి. సిసిలీ గృహమును చూచి వెళ్లిన బాల్ఫోర్ మౌంట్ అను శస్త్రవైద్యుడు 1975లో కెనడా దేశపు మాంట్రియల్‌లో, తన ఆసుపత్రిలోనే అట్టి విభాగము తెరచి, దానికి పాలియేటివ్ కేర్ అని పేరు పెట్టెను. ఆ దశాబ్దము చివరి భాగములో థెల్మా బేట్స్ అను వైద్యురాలు, సిసిలీ నర్సుగా నేర్చుకొనిన సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే ఒక బృందమును స్థాపించెను. వీరు ఇతర డాక్టర్ల రోగులను లాగుకొనలేదు. పిలిచినప్పుడు పోయి సలహా చెప్పి, చేయి కలిపిరి. 1987లో బ్రిటనులో ఇది ప్రత్యేక వైద్య శాఖగా అంగీకరింపబడెను.

మన దేశములో 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదన్ తెరువబడెను. 1993లో కేరళలోని కాలికట్‌లో వైద్య కళాశాల ఆసుపత్రిని ఆధారముచేసికొని పని ప్రారంభమై, ఊరివారి సహాయముతో ఇంటింటికి వ్యాపించెను. 1985 నాటి చట్టము వలన మార్ఫీను దొరకుట కష్టమాయెను. 2014లో ఆ చట్టము సవరింపబడెను. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలోను ఇట్టి విభాగమున్నది.

సిసిలీ 1980లో పోలండు దేశపు చిత్రకారుడైన మారియన్ బోహుష్‌ను వివాహమాడెను. ఆయన 1995లో మరణించెను. ప్రాణము తీసివేయుట బాధకు పరిష్కారము కాదని ఆమె కడవరకు వాదించెను. తుదకు ఆమెకును క్యాన్సరు వచ్చెను. 2005 జూలై 14న, 87వ ఏట, తాను కట్టిన గృహములోనే ఆమె కన్నుమూసెను. ఇతరుల కొరకు పరచిన పడకయే ఆమెకు పడక ఆయెను.

ప్రియులారా, బాధకు మందు తీసికొనుట అవిశ్వాసమని మనలో కొందరందురు. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసిన సమరయుని ప్రభువు మెచ్చుకొనలేదా? బాధ పాపమునకు శిక్షయని రోగి ఎదుట పలుకువారును గలరు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చుండినంతకాలము బాగుగనే చేసిరి. నోరు తెరచిన తరువాతనే తప్పిరి. మన ఊరిలో ఒకరిని ఇంటికి పంపివేసినప్పుడు మనము నలుగురము కావలెను. ఒకరు జిల్లా ఆసుపత్రికి పోయి పాలియేటివ్ విభాగము ఎక్కడనో అడిగి, మందు వేళ తప్పకుండ చూడవలెను. ఒకరు ఆ యింటి పశువులను, పొలమును కనిపెట్టవలెను. ఒకరు రాత్రి కూర్చుండి, అలసిన భార్యను నిద్రపోనియ్యవలెను. ఒకరు రోగి మాట విని, అతడు కోరినప్పుడు ప్రార్థింపవలెను.

రోగి పడకయొద్ద మెలకువగా నుండు కృపను ప్రభువు మన సంఘములకు అనుగ్రహించును గాక. ఆమేన్.