రెండు వార్డులు.. ఒక చిక్కుముడి

క్రిటికల్ రీజనింగ్‌లో ‘పారడాక్స్’ ప్రశ్న కనిపించగానే తడబడుతున్నారా? అయితే డాక్టర్ ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గురించి తెలుసుకోండి. ఆయనకు అలాంటి ప్రశ్నే ఆసుపత్రి వార్డులో ఎదురైంది.

1818లో హంగరీలోని బుడాలో పుట్టిన ఆయన, 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో అసిస్టెంట్‌గా చేరారు. అక్కడ రెండు క్లినిక్‌లు. మొదటిదాంట్లో కాన్పులు చేసేది డాక్టర్లు, వైద్య విద్యార్థులు. రెండోదాంట్లో మంత్రసానులు. చదువు ఎక్కువున్న చోట ప్రాణాలు ఎక్కువ నిలవాలి కదా? జరిగింది తలకిందులు. మొదటిదాంట్లో నూటికి సుమారు 10 మంది తల్లులు చనిపోతుంటే, రెండోదాంట్లో 4గురే. ఎక్కువమందిని బలి తీసుకున్నది బాలింత జ్వరం.

ఆయన ఒక్కో కారణాన్నీ సరిచూశారు. వాతావరణమా? రెండింటికీ ఒకటే, కాబట్టి తేడా ఎందుకో చెప్పదు. రద్దీయా? రెండో క్లినిక్కే ఎక్కువ కిక్కిరిసి ఉండేది. అంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. వచ్చే తల్లుల్లో తేడానా? చేరిన రోజును బట్టే ఏ క్లినిక్ అన్నది తేలేది.

1847లో ఆయన మిత్రుడు ప్రొఫెసర్ కొలెచ్కా శవపరీక్షలో కత్తి గాయమై చనిపోయారు. ఆయన శరీరంలో బాలింత జ్వరం లక్షణాలే కనిపించాయి. అప్పుడు ముడి వీడింది. డాక్టర్లు, విద్యార్థులు శవపరీక్ష గది నుంచే కాన్పులకు వస్తున్నారు. మంత్రసానులకు ఆ పని లేదు. మే నుంచి బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో అందరిచేతా చేతులు కడిగించారు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్‌కి సుమారు 2 శాతానికి పడిపోయాయి.

మీరూ ఇదే దారి పట్టండి. ప్రశ్నలోని రెండు విషయాలనూ నిజమనే తీసుకోండి. ఒకదాన్ని కాదనే ఆప్షన్, ఒకవైపే వివరించేది, రెండు వైపులా సమానంగా వర్తించేది.. మూడింటినీ కొట్టేయండి. ఆప్షన్ నిజమా కాదా అని వాదించొద్దు. నిజమే అనుకుంటే చిక్కు వీడుతుందా? అదొక్కటే చూడండి.

తమ చేతులే కారణమంటే చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. సెమ్మెల్‌వైస్ తన పరిశోధనను పుస్తకంగా తెచ్చింది 1861లో. 1865లో, 47 ఏళ్లకే, మానసిక చికిత్సాలయంలో కన్నుమూశారు. సూక్ష్మజీవుల సంగతి రుజువయ్యాకే లోకం ఆయన్ను గుర్తించింది.

పరీక్షలో మనం చేసే తప్పూ అలాంటిదే. పేరాలో లేని విషయం కనిపిస్తే చాలు, సంబంధం లేదని కొట్టేస్తాం. శవపరీక్ష గది కూడా మొదట ఎవరి లెక్కలోనూ లేదు. జవాబు మాత్రం అక్కడే ఉంది.