డిగ్రీ ఆలస్యమైనా... హార్వర్డ్ చేరారు!

తాతలాగే డాక్టర్ అవుతాడని ఇంట్లోవాళ్లు ఆశపడ్డారు. ఎల్టన్ మేయో (1880-1949) మాత్రం సొంతూరు అడిలైడ్‌లోనూ, తర్వాత బ్రిటన్‌లోనూ మెడిసిన్ పూర్తిచేయలేకపోయారు. తిరిగొచ్చి ఫిలాసఫీ, సైకాలజీ చదివి డిగ్రీ అందుకునేసరికి ముప్ఫై ఏళ్లు దగ్గరపడ్డాయి. 1926కల్లా హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో అధ్యాపకుడయ్యారు.

షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో అప్పటికే ఓ చిక్కుముడి: వెలుతురు పెంచినా, తగ్గించినా ఉత్పత్తి పెరిగింది! 1928 నుంచి మేయో అక్కడి పరిశోధనలో పాలుపంచుకున్నారు. కార్మికులు చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినాలని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు నేర్పారు. 20 వేల మందికి పైగా మనసు విప్పారు. జీతమొక్కటే కాదు, గుర్తింపు, తోటివాళ్లతో కలుపుగోలుతనం కూడా పనిని నడిపిస్తాయని మేయో తేల్చారు. ఆ ఫలితాలపై తర్వాత విమర్శలొచ్చినా ఎంబీఏ పాఠాల్లో ఆయన పేరు చెరగలేదు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయని కుంగిపోతున్నారా? ఒక్కసారి మేయోను తలచుకోండి.