ఆచార్య రంగా – మూడు అణాల శిస్తు

విజయవాడలో పాసింజరు ఎక్కి చీరాల వైపు వెళ్తే తెనాలి దాటాక నిడుబ్రోలు స్టేషను వస్తుంది. పొన్నూరు వెళ్ళేవాళ్ళు అక్కడే దిగుతారు. మన హాస్టల్లో ఆ వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎప్పుడూ కొందరు ఉంటారు. వాళ్ళకు ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు కొత్త కాదు. మిగతావాళ్ళకు మాత్రం ఆ పేరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బోర్డు మీద చూసిందే. ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితం రాస్తామంటే మా గదిలోనే ఒక తమ్ముడు అడిగాడు, భూమి ఉన్న రైతుల నాయకుడి గురించి మన పత్రికలో ఎందుకని. అడగదగ్గ ప్రశ్నే. దానికి మా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు కాబట్టే ఇది రాస్తున్నాం.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. ఊళ్ళో బడి, తర్వాత గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కళాశాల, ఆ తర్వాత ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు. అక్కడ 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా తీసుకుని మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. ఆచార్య అన్న మాట ఆయన పేరు ముందు అప్పుడు చేరి చివరిదాకా ఉండిపోయింది. 1924లో భారతీదేవి గారితో వివాహం జరిగింది. ఆమె కూడా ప్రజాజీవితంలో ఆయనతో నడిచారు.

చదువు పూర్తి కాకముందే, 1923లో, ఆయన నిడుబ్రోలులో తన సొంత బావిని దళితులకు తెరిచారు. జీవితచరిత్రలు దీన్ని ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తాయి. మేం ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాం. మా నాయనమ్మల కాలంలో బావి దగ్గర ఎవరో చేది పోసేదాకా కడవ కింద పెట్టుకుని దూరంగా నిలబడటం ఎలా ఉండేదో ఇంట్లో విన్నవాళ్ళం. ఇరవై మూడేళ్ళ యువకుడు, అంటే ఇప్పుడు మా వయసువాడు, ఊరందరి ఎదుట ఆ పని చేయడానికి ఎంతో కొంత ధైర్యం కావాలి. అదే సమయంలో, ఆ బావి ఆయనది కాబట్టే తెరవగలిగారు అన్నది కూడా మేం మరచిపోలేం.

ఆయన మొదటి పెద్ద పుస్తకం 1926లో బెజవాడలో అచ్చయింది. డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద రాసింది. ఊళ్ళలో ఎవరి చేతిలో ఎంత డబ్బు ఆడుతుందన్నది ఆయనకు కంఠతా వచ్చిన విషయం. తర్వాత నాలుగైదేళ్ళలో జరిగిన దానికి అది బాగా పనికొచ్చింది.

1920ల చివర మద్రాసు ప్రభుత్వం కృష్ణా, గోదావరి డెల్టా జిల్లాల్లో రీసెటిల్మెంటు మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళకోసారి భూముల శిస్తును తిరిగి లెక్కగట్టే పద్ధతి అది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ధాన్యం ధర బాగా పెరిగింది, కాలువల కింద పంట నిలకడగా వస్తోంది, కాబట్టి శిస్తు పెంచవచ్చని అధికారుల లెక్క. పెంపు నూటికి 18.75. పాత నాణేల్లో చెప్పాలంటే రూపాయికి మూడు అణాలు. కాగితం మీద ఆ లెక్కలో తప్పులేదు. కాని లెక్క కట్టినప్పుడు ఉన్న ధర, వసూలుకు వచ్చేసరికి లేదు. 1929 అక్టోబరులో అమెరికాలో స్టాకు మార్కెట్టు కూలింది, లోకమంతటా సరుకుల ధరలు పడిపోయాయి. మూడు నాలుగేళ్ళలో మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర ఇంచుమించు సగమైంది.

ఇక్కడ ఇంటరు చదివే తమ్ముళ్ళకు ఒక లెక్క చెబుతాం. అంకెలు సులువు కోసం మేం అనుకున్నవి. ఒక రైతు శిస్తు 12 రూపాయలు, బస్తా ధాన్యం 6 రూపాయలు అనుకోండి. రెండు బస్తాలు అమ్మితే శిస్తు తీరిపోతుంది. బస్తా 3 రూపాయలకు పడింది. ఎవరూ శిస్తు పెంచలేదు, ఏ ఉత్తర్వూ రాలేదు, అయినా ఇప్పుడు నాలుగు బస్తాలు అమ్మాలి. దాని మీద మూడు అణాల పెంపు కలిపితే శిస్తు 14 రూపాయల 4 అణాలు. అంటే పావు తక్కువ అయిదు బస్తాలు. రెండు బస్తాల పన్ను దాదాపు అయిదు బస్తాలైంది. ప్రభుత్వం రికార్డుల్లో మాత్రం పెరిగింది రెండుంబావు రూపాయలే.

రంగా గారి పోరాటమంతా ఈ తేడా మీదే. 1928లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యులు. 1930లో గాంధీజీ పిలుపుతో స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. ఊరూరా తిరిగి సభలు పెట్టారు, పలుమార్లు జైలుకు వెళ్ళారు. పన్ను మాటను అణాల్లో కాకుండా బస్తాల్లో చెప్పగలిగిన ఆర్థికవేత్త కావడం వల్లే రైతులు ఆయన మాట విన్నారని మా అభిప్రాయం. రైతు చేతిలో రూపాయి లేకపోతే అంగడివాడికి బేరం ఉండదు, నేతగాడికి పని ఉండదు, కూలికి పిలుపు ఉండదు. ధరలు పడ్డ కాలంలో పన్ను పెంచడమంటే పడ్డవాణ్ణి లేవకుండా పట్టుకోవడమే.

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. అది దుర్మార్గంతోనే చేసిందని రాసేస్తే మాకు పని సులువే, కాని చదువుకున్నవాళ్ళం అలా రాయకూడదు. ఆ రోజుల్లో మద్రాసు ఖజానాకు భూమి శిస్తు, సారా మీద వచ్చే ఆదాయం రెండే పెద్ద ఆధారాలు. ద్వంద్వ ప్రభుత్వంలో శిస్తు, ఆర్థిక శాఖలు గవర్నరు కార్యవర్గ సభ్యుల చేతిలో ఉండేవి, విద్య మంత్రుల చేతిలో ఉండేది. శిస్తు రాకపోతే బడికి డబ్బు అడిగే మంత్రికి లేదనే జవాబు వచ్చేది. రాబడి, ఖర్చు సరిపోవాలన్నదే అప్పటి ప్రభుత్వాలన్నిటి సిద్ధాంతం. 1931 సెప్టెంబరులో ఢిల్లీలో ఆర్థిక సభ్యుడు జార్జి షుస్టర్ మధ్యంతర బడ్జెట్టు పెట్టి ఉన్న పన్నుల మీద నూటికి 25 చొప్పున అదనపు సుంకం వేశారు, ఉద్యోగుల జీతాల్లో నూటికి 10 కోశారు. పన్నూ పెరిగింది, ఖర్చూ తగ్గింది. ఉప్పు పన్ను కూడా ఆ పెంపు నుంచి తప్పించుకోలేదు. మరుసటి ఏడాది అమెరికాలో కూడా పన్నులు పెంచారు. మాంద్యంలో ప్రభుత్వమే అప్పు చేసైనా ఖర్చు పెట్టాలని కీన్స్ తన సిద్ధాంత గ్రంథంలో నిరూపించబోయింది 1936లో. అప్పటికి మన డెల్టాలో ఆడవాళ్ళ మెడలోని బంగారం చాలావరకు అమ్ముడుపోయింది. 1931 తర్వాత ఈ దేశం నుంచి ఓడలకు ఓడలు బంగారం బయటికి పోయిందని మేం పాఠంగా చదివాం. అది ఎవరి బంగారమో ఆలోచించడానికి మాత్రం పాఠంలో చోటు లేదు.

పన్ను తగ్గిస్తే ఖర్చు ఎక్కడ కోయాలి? దీనికి రైతు నాయకుల దగ్గర, కాంగ్రెసు దగ్గర జవాబు ఉంది. 1931 కరాచీ కాంగ్రెసు సైనిక వ్యయాన్ని కనీసం సగానికి దించాలని, ప్రభుత్వోద్యోగి జీతం నెలకు 500 రూపాయలు మించకూడదని తీర్మానించింది. అంటే కోత పైనుంచి మొదలు కావాలి. ఈ మాట మాకు చాలా నచ్చింది. ఎందుకంటే ఖర్చు తగ్గింపు అన్న మాట వినగానే కత్తెర సాధారణంగా కింది నుంచే మొదలవుతుంది. మద్రాసు ప్రభుత్వం 1920లో లేబర్ కమిషనరును నియమించి, అప్పట్లో అణగారిన తరగతులనే పేరుతో పిలిచిన మనవాళ్ళకు బడులు, బావులు, ఇళ్ళ స్థలాలు ఇచ్చే పనిని ఆ శాఖకు అప్పగించింది. ఆ డబ్బూ అదే ఖజానాలోంచి రావాలి. శిస్తు తగ్గింపు కోసం సభలో చప్పట్లు కొట్టినవాళ్ళలో, ఆ ఖజానా తగ్గితే మాలపల్లెలో తవ్వాల్సిన బావి ఆగుతుందేమోనని ఆలోచించినవాళ్ళు ఎందరు ఉంటారు?

ఈ సంగతులు సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో చెబితే, నాన్న ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు. ఆ మూడు అణాలు తగ్గితే మన తాతకు ఏమన్నా వచ్చిందా అని. మా తాతలకు సెంటు భూమి లేదు. పట్టా లేనివాడికి శిస్తు లేదు, శిస్తు లేనివాడికి రాయితీ లేదు. వాళ్ళు కట్టింది ఉప్పు పన్ను. కూలి గింజల్లో వస్తే కడుపు వరకు గడిచేది. గుడ్డకో కిరసనాయిలుకో ఆ గింజలే పడిపోయిన ధరకు అమ్ముకోవాలి. అయితే రైతు బాగుంటే కూలికి పిలుపు వస్తుందన్న రంగా గారి వాదన అబద్ధం కాదని నాన్నే అన్నారు. కాలువకు నీళ్ళు రాని ఏడు ఊళ్ళో ఎలా ఉంటుందో ఆయనకు మాకంటే బాగా తెలుసు. రైతూ కూలీ ఒకే కుటుంబమన్నట్టు రంగా గారు మాట్లాడేవారు. కుటుంబమే అయినా వేరు కుండ ఉండాలని 1930ల్లోనే పుచ్చలపల్లి సుందరయ్య గారి వంటివాళ్ళు వ్యవసాయ కూలీలను విడిగా కూడగట్టారు.

డెల్టా ఆందోళనకు ఫలితం నెమ్మదిగా వచ్చింది. ధరలు కోలుకోకపోవడంతో ప్రభుత్వం 1930ల్లో కొంత కొంతగా రాయితీలు ఇచ్చింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక శిస్తు పెంచే రీసెటిల్మెంట్లు పక్కకుపోయాయి. మంత్రులు 500 రూపాయల జీతమే తీసుకున్నారు. అదే ప్రభుత్వం సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. సారా ఆదాయం పోయిన చోట 1939లో సాధారణ అమ్మకపు పన్ను తెచ్చింది. భూమి ఉన్నవాడూ లేనివాడూ అంగట్లో సరుకు కొంటే పడే పన్ను. నాన్న ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన జవాబు ఇదేనేమో అనిపించింది. మూడు అణాలు మా తాతకు రాలేదు, అంగడి పన్ను మాత్రం ఇంటిదాకా వచ్చింది. ఈ పన్ను రంగా గారు తెచ్చింది కాదు, నింద ఆయన మీద వేయడం మా ఉద్దేశం కాదు.

తర్వాతి జీవితం క్లుప్తంగా చెబుతాం. 1931లో వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళన నడిపారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి కార్యకర్తలకు రాజకీయాలు, అర్థశాస్త్రం నేర్పారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షులైతే రంగా గారు ప్రధాన కార్యదర్శి. 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మళ్ళీ కాంగ్రెసుకు వచ్చారు. 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయ తీర్మానం చేయగానే బయటికి వచ్చి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. ఎక్కువ పన్నులు, పెద్ద ప్రభుత్వం, లైసెన్సులు వద్దన్నది ఆ పార్టీ మాట.

ఆయనతో మాకు పేచీ ఇక్కడే. 1931లో పన్ను తగ్గించమన్న రంగా గారి వెనక మేం నడుస్తాం. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలన్న 1959 నాటి రంగా గారి వెనక నడవలేం. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేం. ఆ గడప దాకా మోసుకొచ్చింది ప్రభుత్వం ఖర్చు పెట్టిన డబ్బు. పుస్తకాలు, దుప్పటి, ట్రంకుపెట్టె, రెండు పూటల అన్నం. అది ఎవరో కట్టిన పన్నే.

కాని ఆయన నేర్పిన లెక్క మాత్రం మాకు మెస్సులో రోజూ పనికొస్తుంది. ధర పడినప్పుడు మారని శిస్తు, ఉత్తర్వు లేకుండా పెరిగిన శిస్తు. అలాగే కందిపప్పు, నూనె ధరలు పెరిగినప్పుడు మారని మెస్ చార్జీ, ఉత్తర్వు లేకుండా తగ్గిన మెస్ చార్జీ. పత్రికల్లో కోత అన్న వార్త రాదు. చారు పలచబడుతుంది, గుడ్డు వారంలో ఒక రోజు మాయమవుతుంది. మా సీనియర్లు మెస్ కమిటీ పుస్తకంలో సరుకుల ధరలు నెలనెలా రాసిపెట్టే అలవాటు చేశారు. అర్జీ పెట్టేటప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం. చార్జీలు పెంచమని అడగడం కంటే, ఫలానా ఏడు ఇచ్చిన డబ్బుకు ఎన్ని కిలోల పప్పు వచ్చేది, ఇప్పుడు ఎన్ని వస్తోంది అని రాస్తే చదివేవాళ్ళకు త్వరగా తెలుస్తుంది. రంగా గారు బస్తాల్లో చెప్పింది మేం కిలోల్లో చెబుతున్నాం.

2020లో కరోనా వచ్చి హాస్టళ్ళు మూసినప్పుడు మేం సామాన్లు సర్దుకుని ఇళ్ళకు పోయాం. రేషను బియ్యంతో గడిచింది. ఆ ఏడే మన రాష్ట్రంలో ఉద్యోగుల జీతాల్లో కొంత వాయిదా పడింది. ఎంపీ నిధులను కేంద్రం ఆపేసింది. మే నెలలో పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు సుంకం పెంచింది. తొంభై ఏళ్ళ తర్వాత కూడా పన్నూ పెరిగింది, ఖర్చులో కోతా పడింది. అయితే 1931లో లేని ఉచిత రేషను, ఉపాధి హామీ పని ఈసారి ఉన్నాయి. అవి లేకపోతే మాలో కొందరం చదువు ఆపేసి కూలికి పోయేవాళ్ళమే.

రంగా గారు 1930ల్లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టినవారు, మధ్యలో ఓటములు ఉన్నా, 1991 దాకా చట్టసభల్లో కొనసాగారు. చివర మూడుసార్లు గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న నిడుబ్రోలులోనే కన్నుమూశారు. మేం అప్పటికి పుట్టలేదు. ఆ మరుసటి ఏడాది వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. మన హాస్టలు నుంచి అగ్రికల్చర్ బీఎస్సీకి సీటు వచ్చినవాళ్ళు ఇప్పుడు ఆ పేరున్న సర్టిఫికెట్టే తెచ్చుకుంటున్నారు.